తాత్కాలికం

‘తత్కాలం’ అంటే ఆ సమయం. ఆ సమయానికి మాత్రమే ఉండేది తాత్కాలికం. రామగుండం స్టేషన్లో అడిగే తత్కాల్ టికెట్‌ పేరుకూ మూలం ఇదే. ఇంగ్లిష్ ‘టెంపరరీ’ కూడా కాలమనే అర్థమున్న లాటిన్ ‘టెంపస్’ నుంచి వచ్చిందే. లినక్స్‌లోని ‘టీఎంపీఎఫ్ఎస్’లో మొదటి మూడక్షరాలు ఆ టెంపరరీకి పొట్టిరూపం.

టీఎంపీఎఫ్ఎస్ అంటే ర్యామ్‌లో నడిచే ఫైల్ సిస్టమ్. డిస్కు మీద రాయనివ్వని రీడ్-ఓన్లీ కంప్యూటర్లోనూ బ్రౌజర్‌కు సెట్టింగులు రాసుకునే చోటు కావాలి. హోమ్ డైరెక్టరీని ఇందులో పెడితే ఆ చోటు దొరుకుతుంది. మనం పరిమితి చెప్పకపోతే ర్యామ్‌లో సగం దాకా వాడుకుంటుంది. కంప్యూటర్ ఆపితే అంతా చెరిగిపోతుంది. పదిమంది వాడే కంప్యూటర్లో అదే మేలు: ఒకరు దాచిన పాస్‌వర్డ్, కంప్యూటర్ ఆపి మళ్లీ తెరిచాక ఇంకొకరి కంట పడదు.

గోదావరిఖని బొగ్గు గనుల్లో తాత్కాలికానికి మరో మాటుంది: బదిలీ వర్కర్. మూలం అరబ్బీ ‘బదల్’. పర్మినెంట్ కార్మికుడు రాని రోజు అతని బదులు దిగేవాడన్నమాట. ఏడాదిలో భూగర్భంలో 190, ఉపరితలంలో 240 మస్టర్లు (హాజరీలు) నిండితేనే పర్మినెంట్ జనరల్ మజ్దూర్ అయ్యే అర్హత. ర్యామ్ నిన్నటిని మరిచిపోయినా నష్టం లేదు. కార్మికుడి మస్టర్ మాత్రం ఒక్కటి కూడా లెక్క తప్పకూడదు.