ప్లాటినం మందు – మన సుబ్బారావు గారు



మా ఆవిడ ఆసుపత్రి బిల్లులో ‘సిస్‌ప్లాటిన్’ అని చూసి, గుమాస్తా బుద్ధి పోక డాక్టరు గారినడిగాను. ప్లాటినంతో చేసిన మందేనన్నారు. 1965లో అమెరికాలో రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు ప్లాటినం పలకల మధ్య సూక్ష్మజీవులకు కరెంటు పెడితే, అవి రెండుగా చీలడం మాని పొడవుగా సాగాయట. తీరా చూస్తే అది కరెంటు మహిమ కాదు, పలకల నుంచి చేరిన ప్లాటినం చేసిన పని! అది కణంలోని డి.ఎన్.ఏ.ను పట్టి బిగిస్తుంది. 1978లో అక్కడ మందుగా అనుమతించారు.

అంతకు చాలా ముందే కణం చీలకుండా అడ్డుకునే దారి చూపినవారు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మనలో ఎందరికి తెలుసు? చీలాలంటే కణానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం అచ్చం దాని పోలికతో అమినోప్టెరిన్ చేసింది. దొంగ స్టాంపు కాగితం వంటిదన్నమాట. కణం అసలుదనుకుని మోసపోతుంది. 1947లో బోస్టన్‌లో ఫార్బర్ గారు రక్త క్యాన్సరు పిల్లలకిస్తే, కొందరికి కొన్నాళ్ళు జబ్బు తగ్గుముఖం పట్టింది. మరుసటి ఏడు ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

ప్లాటినం మూత్రపిండాలకు చేటు. అందుకే ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తారు. చీమకుర్తిలో మా ఇంటికొచ్చాక ఆవిడ తాగిన నీళ్ళు, పోసిన మూత్రం కొలిచి పాత రిజిస్టరులో రాసేవాణ్ణి. “రిటైరైనా మీ లెడ్జరు వదల్లేదు” అని నవ్వేది.