చిరివేరు: మన తీరపు ఇసుకలో పుట్టిన ఎరుపు

కార్తీక మాసంలో పేరుపాలెం సముద్ర స్నానాలకు వెళ్ళిన ఏలూరు, తాడేపల్లిగూడెం మిత్రులు ఇసుక దిబ్బలపై రావణాసురుని మీసాలను, సరుగుడు తోటలను చూసే ఉంటారు. సముద్రతీరపు అటువంటి పొడి ఇసుక నేలల్లోనే బియ్యపు గింజంత తెల్లపూలు గుత్తులుగా పూసే ఒక చిన్న మొక్క దానంతటదే పెరుగుతుంది. దాని పేరు చిరివేరు. పువ్వు చూపుకు ఆనదు. విలువంతా వేరులో ఉంది.

బందరు అద్దకాల ఎరుపు ఆ వేరుదే. గుడ్డను కరక్కాయ కషాయంలోను, గేదె పాలలోను నానబెట్టి, పటిక నీటితో బొమ్మ వ్రాసి, చిరివేరుతో కాచేవారు. పటిక తగిలినచోట ఎరుపు నిలిచిపోయేది. గవ్వల సున్నం కలిసిన ఇసుకలో పెరిగిన వేరు మరింత మేలైన రంగునిచ్చేది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు బందరులో వర్తకం పెట్టడానికి ఈ అద్దకాలే ముఖ్య కారణం. నిజాంపట్నం ప్రాంతపు వేరు శ్రేష్ఠమని ఆ కాలంలో పేరు. మన నర్సాపురం పక్క మాధవాయిపాలెం పేరు ‘మదపోలం’ అనే బట్టకే స్థిరపడింది. (ఏలూరు తివాచీలది ఉన్ని కథ, దానికి మరో వ్యాసం కావాలి.)

సామర్లకోటలో పనిచేసిన డాక్టర్ రాక్స్‌బర్గ్ 1795లో మొదలైన తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో దీనికి మూడవ బొమ్మగానే చోటిచ్చాడు. ‘చెరివేళ్ళు’ అని మనవారు అన్నది విని అలాగే ఇంగ్లీషులో వ్రాసుకున్నాడు. సాగుచేసిన వేరుకన్న అడవి వేరులోనే రంగు ఎక్కువని కూడా గమనించాడు.

1868లో జర్మనీలో గ్రేబే, లీబర్‌మన్ అనే ఇద్దరు అదే ఎరుపును తారునుంచి తీశారు. దానిపేరు అలిజరిన్. అంతటితో వేరు త్రవ్వేవారి బ్రతుకుతెరువు పోయింది. నేటికీ పెడన అద్దకాలలో ఎరుపు చాలావరకు ఆ పొడిదే.

మొక్కకు బేరం పోయింది సరే, ఇప్పుడు నేల కూడా పోతున్నది. ఆరువేల ఏళ్ళనాడు సముద్రం కొల్లేటి అంచుదాకా ఉండేదనీ, కైకలూరు వైపు ఇసుక మేటలు ఆనాటి ఒడ్డు గుర్తులనీ భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ పాత మేటల సంగతి అటుంచితే, ఉమ్మడి పశ్చిమగోదావరికి ఉన్న తీరం 19 కిలోమీటర్లే. అందులోనూ దిబ్బలను చదునుచేసి చెరువులు త్రవ్వారు, ఇసుక బండ్లకెత్తారు. 2011, 2019 సంవత్సరాల తీరప్రాంత నోటిఫికేషన్లు ఇసుక దిబ్బలను అత్యంత రక్షణ గల మొదటి తరగతిలో చేర్చాయి. ఆ కాగితం కచేరీలో ఉంది. దిబ్బ మాత్రం లారీ ఎక్కుతున్నది.