కుందుర్పి కోట ఎవరిది?

కళ్యాణదుర్గం నుంచి బస్సులో వస్తుంటే ఊరికన్నా ముందు కొండ కనబడుతుంది. దగ్గరికొచ్చేకొద్దీ గుండ్ల మధ్య కోటగోడ తేలుతుంది. ఏది పుట్టురాయో, ఏది పేర్చిన రాయో చప్పున పోల్చుకోలేం.

చూడవచ్చినవాళ్లు దీన్ని రాయదుర్గం కోటకు తమ్ముడన్నట్టు మాట్లాడతారు. నాకది నచ్చదు. రెండింటినీ ఏలిన వంశం లెక్కలో మాదే ముందు. 1652లో బిజాపూరు సేన పెనుకొండను పట్టుకుంది. అక్కడి కోటను ఏలుతున్న కోనేటి నాయుడు పెనుకొండను వదులుకుని, బదులుగా కుందుర్పి పుచ్చుకున్నాడు. విజయనగర రాజులకు రాజధానిగా వెలిగిన ఊరు పోయి, ఈ గుండ్లసీమ దక్కింది! అయినా ఆ వంశం ఇక్కడే నిలదొక్కుకుంది. కోనేటి నాయుడి కొడుకు వెంకటపతి నాయుడు ఇక్కడి నుంచే వెళ్లి, బోయ నాయకులను గెంటి రాయదుర్గం స్వాధీనం చేసుకున్నాడు. కొలువు అటు మారింది, పేరూ అటే పోయింది. తర్వాత టిప్పు కాలం, ఆపైన నిజాము కాలం. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి దత్తం చేశాడు. 1882 దాకా మేం బళ్లారి జిల్లా వాళ్లమే. ఇవాళ్టికీ సంతలో తెలుగు, కన్నడం రెండూ వినబడతాయి.

ఈ కొండకు రాజులకంటే పాతకాపులు ఎలుగులు. గుండ్ల సందుల్లో వాటి గుహలు. సీతాఫలం, రేగుపండు, చెదపురుగులు వాటి తిండి. అవి కరువైతే చెనిక్కాయ చేలలోకి, ఒక్కోసారి వీధుల్లోకీ దిగుతాయి. రాత్రి చేనికాపలాకు పోయే రైతుకు అది ప్రాణాల మీది మాట. ఎలుగును తిట్టి లాభం లేదు. కొండ మీద నీళ్లూ పండ్లూ ఉంటే అది ఊళ్లోకి ఎందుకొస్తుంది?

నీళ్ల ముచ్చటే మాకు అసలు చరిత్ర. పడమటి కనుమలు నైరుతి మబ్బును అడ్డుకుంటాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ అదనుకు రాదు. బోర్లు ఎండిన ఇళ్లవాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. జీడిపల్లి జలాశయం నుంచి కృష్ణా నీళ్లు ఇటు తెస్తామన్న కాలువ కోసం ఊరంతా ఎదురుచూస్తోంది.

కోట చూడాలంటే వానలయ్యాక, సీతాఫలాల రోజుల్లో రండి. ఊరివాళ్లలో ఒకరిని తోడు తీసుకెళ్లండి. పొద్దు వాలకముందే దిగండి. కోటదారీ, ఎలుగుల దారీ రెండూ వాళ్లకు తెలుసు.