రోమను నాణెములపై రాజస్త్రీలు: గాయస్ కాలపు రెండు ముద్రలు

నాణెము రాజశాసనము వంటిది. అందలి మాట సత్యమా యని విచారించుటకు ముందు, అది ఎవరి మాటయో తెలిసికొనుట చరిత్రకారుని ధర్మము. రోమను రాజస్త్రీల రూపములు గల నాణెముల విషయమున ఈ నియమము మఱింత ఆవశ్యకమని మా అభిప్రాయము. గాయస్ (కలిగులా) చక్రవర్తి పాలనమున, అనగా క్రీ. శ. 37-41 నడుమ, వెలువడిన రెండు సెస్టెర్షియసులు ఇందుకు నిదర్శనములు. వీనిని కంచు నాణెములనుట వాడుకయే గాని, నిజమునకివి రాగియు తుత్తునాగమును కలిసిన ఇత్తడివి. నాలుగు సెస్టెర్షియసులు ఒక వెండి దెనారియసుతో సమానము.

మొదటిది చక్రవర్తి తల్లియగు అగ్రిప్పినా స్మారకము. ముందువైపున ఆమె ముఖమును, ఆమె గాయస్ తల్లి యని తెలుపు లిపియు ఉన్నవి. వెనుకవైపున రెండు కంచరగాడిదలు లాగు కప్పుబండియు, 'సెనేటు, రోము ప్రజలు: అగ్రిప్పినా స్మృతికి' అను అర్థము గల లిపియు కలవు. తల్లి ప్రతిమను ఊరేగించుటకు గాయస్ ఇట్టి బండిని ఏర్పరచెనని స్యూటోనియస్ వ్రాసినాడు. కాని ఈమెయే తిబేరియస్ కాలమున, 29లో, సెనేటు ఎదుట నిందింపబడినది. పండటేరియా ద్వీపమునకు వెడలగొట్టబడి, 33లో మరణించినది. నాడు ఆమెను కాపాడని సెనేటు పేరనే ఈ స్మారకము వెలువడుట గమనింపదగినది.

రెండవది 37-38 నాటిది. ఒకవైపు గాయస్ శిరస్సు; మఱియొకవైపు అగ్రిప్పినా, ద్రుసిల్లా, జూలియా అను మువ్వురు సోదరీమణులు తమ పేళ్లతో నిలిచియున్నారు. వారు క్రమముగా అభయ, ఐకమత్య, భాగ్య దేవతల చిహ్నములను ధరించినారు. ద్రుసిల్లా 38లో మరణించినది. తక్కిన యిరువురను 39లో, కుట్ర నేరము మోపి, అన్నయే దేశమునుండి వెడలగొట్టినాడు.

ఈ ముద్రలకు కారణమేమి? గాయస్‌కు చెప్పుకొనదగిన యుద్ధవిజయములు లేవు. ఆగస్టసు సంతతివాడను గౌరవము అతనికి తల్లివలననే సంక్రమించినది. కావున తల్లిని, తోబుట్టువులను చూపుట తన సింహాసనార్హతను చూపుటయే. వీనినిబట్టి ఆ స్త్రీల అధికారమును నిర్ణయించుట తగదు. సింహాసనమునకు వారి పేళ్లతో గల అవసరమును మాత్రము నిర్ణయింపవచ్చును.

గాయస్ ముఖము గల ఇట్టి నాణెములను కరగింపవలెనని 43లో సెనేటు తీర్మానించినట్లు డియో కాసియస్ తెలుపుచున్నాడు. అయినను కొన్ని మిగిలినవి. వెడలగొట్టబడిన సోదరీమణులు, వెడలగొట్టిన అన్న నేటికిని ఒకే బిళ్లకు ఇరువైపుల నున్నారు.