స్పెషాలిటీ కాఫీ

స్పెషాలిటీ కాఫీ అనగా పచ్చి గింజలలో ప్రధాన లోపాలు లేకుండా, శిక్షణ పొందిన నిపుణులు రుచి చూసినపుడు నూటికి 80 లేదా అంతకు మించి మార్కులు పొందిన కాఫీ. ఇది ఎక్కువగా వాడుకలో ఉన్న నిర్వచనం. నల్లగా, చేదుగా ఉన్నదే మేలైన కాఫీ అనే అభిప్రాయం చాలామందిలో ఉన్నది. కాని అధికంగా వేయించడం వలన కలిగే చేదు గింజ యొక్క సహజమైన రుచిని కప్పివేస్తుంది, లోపాలను సైతం దాచగలదు.

పేరు

ఈ పేరును 1974లో అమెరికాకు చెందిన కాఫీ వర్తకురాలు ఎర్నా నుట్సెన్ ప్రచారంలోకి తెచ్చింది. ప్రత్యేకమైన నేల, వాతావరణం గల చోట పండిన గింజలకు ప్రత్యేకమైన రుచి ఉంటుందని ఆమె భావన. 1982లో అమెరికా స్పెషాలిటీ కాఫీ సంఘం ఏర్పడింది. అది 2017లో ఐరోపా సంఘంతో విలీనమైనది.

పండు నుండి గింజ వరకు

కాఫీ నాణ్యత తోటలోనే మొదలవుతుంది. ఒక కొమ్మపై ఉన్న కాయలన్నీ ఒకేసారి పండవు. అందువలన పండిన వాటిని మాత్రమే పలు విడతలుగా కోయవలసి ఉంటుంది. కొమ్మను ఒకేసారి దూసినచో పచ్చికాయలు కలుస్తాయి. వాటి గింజలు వేయించినపుడు పాలిపోయి, రుచిలేకుండా ఉంటాయి.

కోసిన పండ్ల తొక్క తీసి, గింజలను పులియబెట్టి, కడిగి ఆరబెట్టడం ఒక పద్ధతి. ఇట్లు తయారైన అరబికాను భారతదేశ వర్తకంలో 'ప్లాంటేషన్' అంటారు. పండును పండుగానే ఎండబెట్టిన దానిని 'చెర్రీ' అంటారు. పులియడం మితిమీరితే దుర్వాసన, సరిగా ఆరకపోతే బూజు ఏర్పడతాయి.

గింజల పరీక్ష

సంఘం చిరకాలం పాటించిన ప్రమాణం ప్రకారం 350 గ్రాముల పచ్చి గింజలను పరీక్షించేవారు. పూర్తిగా నల్లబడినవి, పులిసి పాడైనవి, బూజు పట్టినవి ఒక్కటి కూడా ఉండరాదు. రాళ్లు, పుల్లలు వంటివి ఉండరాదు. చిన్న లోపాలు 5కు మించరాదు.

ఏఏ, ఏ, బి వంటి శ్రేణులు ముఖ్యంగా గింజ పరిమాణాన్ని తెలుపుతాయి. పెద్ద గింజ అయినంత మాత్రాన రుచి అధికమని చెప్పలేము.

రుచి పరీక్ష

దీనిని కప్పింగ్ అంటారు. 8.25 గ్రాముల పొడిపై సుమారు 93 డిగ్రీల సెల్సియస్ వేడి గల 150 మిల్లీలీటర్ల నీటిని పోస్తారు. పాలు, చక్కెర కలపరు. సుమారు 4 నిమిషాల తరువాత పైన తేలిన పొడిని చెంచాతో కదిపి వాసన చూస్తారు. పిదప చెంచాతో జుర్రుతూ రుచి చూస్తారు. ఒక్క చెడ్డ గింజ ఉన్నా బయటపడుటకై ఒకే రకాన్ని 5 గిన్నెలలో పెడతారు.

వాసన, రుచి, మింగిన తరువాత నిలిచే రుచి, పులుపు, చిక్కదనం, సమతుల్యత, అన్ని గిన్నెలలో ఒకే తీరు, స్వచ్ఛత, తీపి, మొత్తంపై అభిప్రాయం అనే 10 అంశాలకు మార్కులు వేసేవారు. ఇక్కడ పులుపు అనగా మాగిన నారింజను తలపించే హాయియైన గుణమే గాని, పులిసిన మజ్జిగ వంటిది కాదు. 2024లో సంఘం ఆమోదించిన కొత్త విధానంలో రుచి వర్ణనను, పరీక్షకుని ఇష్టాన్ని వేరువేరుగా నమోదు చేస్తారు.

కొనుగోలుదారు గమనించదగినవి

* పొట్లంపై పండిన ప్రాంతం, రకం, శుద్ధి పద్ధతి, వేయించిన తేదీ ఉండడం మంచి గుర్తు.
* వేయించిన గింజలు సమానమైన రంగులో ఉండాలి. పాలిపోయినవి, విరిగినవి, రంధ్రాలు ఉన్నవి ఎక్కువగా ఉండరాదు.
* పొడి త్వరగా వాసన కోల్పోతుంది. కనుక గింజలు కొని అవసరం మేరకు పొడి చేసుకొనడం మేలు. తాజా పొడిపై వేడినీరు పోసినపుడు బుడగలతో పొంగుతుంది.
* చికోరీ కలిపిన పొడిలో దాని శాతాన్ని పొట్లంపై తెలపాలి. తెలిపి కలిపినది కల్తీ కాదు. అనుమానం కలిగితే చల్లని నీటిపై పొడి చల్లి చూడవచ్చు. కాఫీ తేలుతుంది, చికోరీ గోధుమరంగు చారలు వదులుతూ మునుగుతుంది.
* పాలు, చక్కెర లేకుండా, కొంత చల్లారిన తరువాత రుచి చూడాలి. వేడిలో తెలియని లోపాలు అప్పుడు తెలుస్తాయి.

అరకు కాఫీ

ఆంధ్రప్రదేశ్‌లోని అరకులోయ పరిసరాలలో గిరిజన రైతులు నీడచెట్ల క్రింద అరబికా పండిస్తారు. అరకులోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. గిరిజన సహకార సంస్థ రైతుల నుండి కాఫీ కొనుగోలు చేస్తుంది. 2025లో ఈ ప్రాంతపు తోటలలో కాయతొలుచు పురుగు కనబడింది. పురుగు తొలిచిన గింజ లోపంగా లెక్కకు వస్తుంది కనుక ఇది ధరను కూడా దెబ్బతీయగలదు.

పండినవి మాత్రమే ఏరి కోయుటకు, పాడైన గింజలను వేరుచేయుటకు రైతు అదనపు శ్రమ పడాలి. పచ్చికాయలు కలిసిన సరుకుకు, ఏరిన సరుకుకు ఒకే ధర లభిస్తే ఆ శ్రమకు ఫలితం ఉండదు. కొనుగోలుదారు తేడాను గుర్తించగలిగినపుడే మేలైన గింజకు మేలైన ధర నిలుస్తుంది.