స్టాండర్డ్ హెరాల్డ్ చట్రం, సస్పెన్షన్ పునరుద్ధరణ

స్టాండర్డ్ హెరాల్డ్ చట్రం, సస్పెన్షన్ పునరుద్ధరణ అనగా 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అనే చిన్న కారు చాసిస్‌ను, దానికి అమర్చిన స్ప్రింగులు, ఇరుసులు మొదలగు భాగాలను విప్పి, మరమ్మతు చేసి, తిరిగి అసలు కొలతలకు బిగించే పని. ఈ కారు వెనుక సస్పెన్షన్ తీరు అంబాసిడర్, ఫియట్ కార్లకు భిన్నమైనది కనుక వాటికి అలవాటుపడిన చేతులు ఇక్కడ పొరబడే అవకాశం ఎక్కువ.

నేపథ్యం

ఇంగ్లండుకు చెందిన స్టాండర్డ్-ట్రయంఫ్ సంస్థ 1959లో ట్రయంఫ్ హెరాల్డును విడుదల చేసింది. దీని రూపకర్త ఇటలీకి చెందిన జియోవన్నీ మికెలోట్టి. భారతదేశంలో దీనిని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ ఆఫ్ ఇండియా సంస్థ 948 సి.సి. ఇంజనుతో తయారు చేసింది. సుమారు 25 అడుగుల వృత్తంలో వెనుకకు మళ్ళగలగడం దీని ప్రత్యేకత. గుంటూరు బ్రాడీపేటలోని లైన్లు, అడ్డరోడ్ల వంటి చోట ఇది చిన్న సౌకర్యమేమీ కాదు.

చట్రం

ఆ కాలపు చిన్న కార్లు చాలావరకు చట్రం, బాడీ ఒకటిగా తయారయ్యేవి. హెరాల్డుకు మాత్రం వేరుగా ఉక్కు చట్రం ఉన్నది. మధ్యలో వెన్నెముక వలె రెండు పెట్టె దూలాలు, వాటి నుండి ప్రక్కలకు చాచిన చేతులు, వాటిపై బోల్టులతో బిగించిన బాడీ దీని నిర్మాణం. ముందుగా తుప్పు పట్టేవి ఈ చేతులే. వీటిని ఒక్కసారిగా అన్నీ కోసివేయరాదు. సమతలమైన నేలపై, మూలల మధ్య కొలతలు వ్రాసుకొని, ఒకదాని తరువాత ఒకటి మార్చవలెను. బాడీని ఎత్తే ముందు తలుపుల ఖాళీలలో అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించకపోతే అది వంగి, తరువాత తలుపులు పడవు.

ముందు సస్పెన్షన్

ముందు చక్రాలకు జంట విష్‌బోన్‌లు, చుట్ట స్ప్రింగులు ఉంటాయి. చక్రాన్ని మోసే నిలువు కడ్డీ అడుగున ట్రనియన్ అనే మరలున్న కీలు ఉన్నది. దీనికి వేయవలసినది గేరు నూనె, గ్రీజు కాదు. నూనె అందక మరలలో నీరు చేరితే కడ్డీ తుప్పు పట్టి, విరిగి, చక్రం లోపలికి మడతపడుతుంది. రబ్బరు బుష్షుల బోల్టులను కారు బరువు చక్రాలపై నిలిచిన తరువాతనే పూర్తిగా బిగించవలెను.

వెనుక సస్పెన్షన్

వెనుక ఒకే కమాను కట్ట అడ్డంగా, డిఫరెన్షియల్ పెట్టెపై అమరి ఉంటుంది. ఇరుసు సగాలు రెండూ దేనికది పైకీ క్రిందికీ ఊగుతాయి. కట్ట కుంగినప్పుడు చక్రాల పైభాగాలు లోపలికి వాలుతాయి. అది చూచి, లారీ కమానులకు చేసినట్లు పట్టీలకు అధికంగా వంపు తెప్పించడం సహజంగా జరిగే పొరపాటు. అప్పుడు వెనుక భాగం లేచి, చక్రాల అడుగుభాగాలు లోపలికి జరుగుతాయి. మలుపులో వేగంగా వెళితే బయటి చక్రం కారు క్రిందికి ముడుచుకొని కారు అదుపు తప్పవచ్చు. కొద్దిగా కుంగిన కట్ట కంటే వంపు మీరిన కట్టయే ప్రమాదకరం. గుంటూరు, ప్రకాశం జిల్లాలలోని నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దానిపై వేసిన రోడ్లు అలల వలె ఎగుడుదిగుడవుతాయి కనుక ఈ దోషం ఇక్కడ త్వరగా బయటపడుతుంది.

ఊగే ఇరుసు భారతీయ డ్రైవర్లకు, మెకానిక్కులకు నచ్చకపోవడంతో, 1970లలో వచ్చిన స్టాండర్డ్ గెజెల్‌లో తయారీదారులే దానిని తొలగించి ఒకే కడ్డీగా ఉండే ఇరుసును వాడారు.

విడి భాగాలు, చట్టం

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారు కూడా హెరాల్డు భాగాల ఆధారంగానే రూపొందింది. అందువలన బుష్షులు, ట్రనియన్లు బ్రిటనులో నేటికీ దొరుకుతాయి. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటిన కార్లను వింటేజి వాహనాలుగా నమోదు చేయవచ్చును. అయితే చాసిస్, బాడీ, ఇంజనులలో మార్పులు చేసి ఉండరాదు. కనుక పాత చట్రాన్ని నిలుపుకొని, తుప్పు పట్టిన మేరకే అతుకు వేయడం, చాసిస్ నంబరు జోలికి పోకపోవడం యజమానికి క్షేమం.