పెరటి చెట్టుకు ఊరంతా పండుగ

అమెరికాలో చెర్రీ పూలంటే అందరికీ ముందు వాషింగ్టనే గుర్తొస్తుంది. మార్చి నెలాఖరున టైడల్ బేసిన్ గట్టు మీద ఇసకేస్తే రాలనంత జనం. అయితే అక్కడున్న చెర్రీ చెట్లన్నీ లెక్కేసినా 3,700 దాకా తేలతాయి. జార్జియా రాష్ట్రం నడిమధ్యన మేకన్ అనే పాత ఊరొకటుంది. అక్కడివాళ్లు తమ ఊళ్లో మూడు లక్షలకు పైగా చెర్రీ చెట్లున్నాయని చెప్పుకుంటారు. 2020 లెక్కల ప్రకారం ఆ ఊరి జనాభా లక్షా యాభై ఏడు వేలు. అంటే తలకు రెండు చెట్లు. ఏటా మార్చిలో వాటికి పెద్ద పండుగ చేస్తారు.

1823లో పుట్టిన ఊరు మేకన్. పత్తి వ్యాపారంతో, రైలు మార్గాలతో ఎదిగింది. అంతర్యుద్ధంలో పెద్దగా దెబ్బతినకపోవడంతో ఆనాటి స్తంభాల మేడలు ఇంకా నిలిచే ఉన్నాయి. ఆ మేడలు కట్టించిన సొమ్ము పత్తి చేలల్లో బానిసల చెమట నుంచి వచ్చిందే. ఇంత పాత ఊరికి చెర్రీ పూల ముచ్చట మాత్రం మొన్నమొన్నటిది.

విలియం ఫిక్లింగ్ ఆ ఊళ్లో రియల్ ఎస్టేట్ వ్యాపారి. 1949లో ఒక మధ్యాహ్నం భోంచేసి పెరట్లో పచార్లు చేస్తుంటే, ఆకన్నది లేకుండా నిండా పూసిన చెట్టొకటి ఆయన కంటపడింది. అదేం చెట్టో తెలియలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు వదిలేసే రకం కాదాయన. మూడేళ్ల తర్వాత, 1952లో, పని మీద వాషింగ్టన్ వెళ్లినప్పుడు అచ్చం అవే పూలు కనిపించాయి. తన పెరట్లో ఉన్నది జపాన్‌వాళ్ల యోషినో చెర్రీ అని అప్పుడు తెలిసింది. తిరిగొచ్చి ఆ చెట్టు నుంచి మొక్కలు కట్టించి, అడిగినవాళ్లకల్లా ఊరికే ఇవ్వడం మొదలుపెట్టాడు.

ఆ ఇవ్వడం లేకపోతే ఈ కథే లేదు. కారణం ఆ చెట్టులోనే ఉంది. దాని అసలు పేరు సోమెయ్ యోషినో. టోక్యోను ఇంకా ఎడో అంటున్న కాలంలో, సోమెయ్ అనే పల్లెలోని నర్సరీలవాళ్లు వ్యాప్తిలోకి తెచ్చిన సంకరజాతి ఇది. దీని పుప్పొడి ఇదే జాతి చెట్టు మీద పడితే కాయ కట్టదు. వేరే చెర్రీ పుప్పొడితో గింజ పడినా, ఆ మొలకకు తల్లి పోలిక రాదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రానట్టే. కడియం నర్సరీలవాళ్లను అడిగితే దీనికి దారి ఒక్క మాటలో చెబుతారు: అంటు కట్టాల్సిందే. అలా కొమ్మకు కొమ్మగా పంచుకుంటూ పోగా, ఇవాళ లోకంలో ఉన్న సోమెయ్ యోషినోలన్నీ జన్యుపరంగా ఒకే చెట్టు. అందుకే ఒక ఊళ్లో ఉన్నవన్నీ ఇంచుమించు ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలిపోతాయి. పక్షో గాలో తీసుకెళ్లి పడేస్తే మొలిచే చెట్టు కాదు కాబట్టి, అది ఎక్కడ కనిపించినా ఎవరో ఒకరు పని పెట్టుకుని నాటారన్నమాట.

వాషింగ్టన్ చెట్ల సంగతీ అంతే. 1910లో జపాన్ నుంచి వచ్చిన 2,000 మొక్కలకు పురుగు పట్టిందని అధికారులు వాటిని తగలబెట్టించారు. టోక్యో మేయర్ యుకియో ఒజాకి ఆ అవమానాన్ని దిగమింగి మళ్లీ 3,020 మొక్కలు పంపించాడు. 1912 మార్చి 27న అధ్యక్షుడి భార్య హెలెన్ టాఫ్ట్, జపాన్ రాయబారి భార్య కలిసి మొదటి రెండూ నాటారు. అది రెండు దేశాల మధ్య దౌత్యం. మేకన్‌లో జరిగింది ఇరుగుపొరుగు వ్యవహారం.

ఆ వ్యవహారాన్ని పండుగ దాకా నడిపించింది కరొలిన్ క్రేటన్. 1970ల మొదట్లో మేకన్‌కు కాపురం వచ్చిన ఆమెకు ఫిక్లింగ్ ఇంటి చెట్లు తెగ నచ్చాయి. తాము ఉంటున్న వెస్లియన్ వుడ్స్ పేట నిండా అవి నాటితే ఎలా ఉంటుందని వెళ్లి అడిగింది. మొక్కలు నేనిస్తాను, నాటించే పూచీ మీదన్నాడు ఫిక్లింగ్. 1973 నవంబరులో పేటవాళ్లంతా చేయి కలిపి 500 మొక్కల దాకా నాటారు. ఆ తర్వాత ఊరి శుభ్రత, పచ్చదనం చూసే సంఘానికి ఆమే సారథి కావడంతో మిగతా పేటలకూ మొక్కలు పాకాయి. చెట్లు ఎదిగి విరగబూసే వేళకు, 1982లో, మొదటి చెర్రీ పూల పండుగ జరిగింది. చెట్లిచ్చిన పెద్దాయనకు ఊరు కృతజ్ఞత చెప్పుకునే సందర్భం కూడా అదే. ఫిక్లింగ్ 1990లో పోయాడు. ఆయనా, ఆ తర్వాత ఆ కుటుంబమూ పంచిపెట్టిన మొక్కలు లక్ష దాటాయి.

అమెరికా దక్షిణాదిలో పూల పండుగలు కొత్త కాదు. మిసిసిపీ రాష్ట్రంలోని నాచెజ్‌లో 1931 వసంతంలో తోటల సంఘాల సభ పెట్టుకుంటే, మంచు దెబ్బకు పూలన్నీ మాడిపోయాయి. వచ్చిన అతిథులకు చూపించడానికి ఏమీ లేక, ఆ ఊరి ఆడవాళ్లు తమ పాత మేడల తలుపులు తెరిచారు. మరుసటేడు నుంచి ఆ మేడల సందర్శనే ఏటేటా జరిగే వేడుకైంది. మేకన్ పండుగకూ ఈ చలి గండం ఉంది. తేదీలు ముందే ఖాయం చేయాలి, పూలేమో చలికాలం తీరును బట్టి పూస్తాయి. ఫిబ్రవరిలో ఎండ ముదిరితే ఊరేగింపు నాటికి రేకులన్నీ రోడ్డు మీద ఉంటాయి. మొగ్గ విచ్చాక మంచు పడితే గోధుమరంగుకు తిరుగుతాయి. బాగా కుదిరిన ఏడాదిలోనైనా ఆ పూత వారం, పది రోజులు.

నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. యోషినో పువ్వు దాదాపు తెలుపు, మొగ్గలో మాత్రమే గులాబీ ఛాయ. పండుగ మాత్రం కణకణలాడే గులాబీ రంగు. ఇళ్ల తలుపులకు గులాబీ రిబ్బన్లు, పొద్దున్నే గులాబీ పాన్‌కేకులు, ఐస్‌క్రీమ్‌దీ అదే రంగు. బొచ్చుకుక్కలకూ రంగేసి తిప్పుతారు. చెట్టు కింద నిలబడి తలెత్తి చూస్తే ఈ హంగామాకూ పువ్వుకూ పోలికే ఉండదు. ఆకు రాకముందే పూత కాబట్టి, నల్లటి కొమ్మ వెంట ఒక్కో మొగ్గ నుంచి నాలుగైదు పూలు సన్నటి కాడలతో వేలాడుతుంటాయి. అంత పూతకూ వాసన నామమాత్రం.

ఈ చెట్టుకు మన చింతకో మర్రికో ఉన్నంత ఆయుష్షు లేదు. సాధారణంగా నలభై నుంచి అరవై ఏళ్లు. 1973లో నాటినవాటికి వార్ధక్యం వచ్చేసింది. పాతవి పోతుంటే కొత్తవి నాటే పని ఆ ఊరికి ఎప్పుడూ ఉంటుంది.

అట్లాంటా చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్లకు మేకన్ 130 కిలోమీటర్ల పైచిలుకు దూరం, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అలా వెళ్లేవాళ్లకు నా సలహా ఒకటే: పూలు చూసి వెనుదిరక్కండి. నగరానికి తూర్పున, నది దాటగానే ఓక్మల్గీ మట్టిదిబ్బలున్నాయి. వెయ్యేళ్ల కిందట మిసిసిపీ సంస్కృతి జనం గంపలతో మట్టి మోసి పోసినవి. పెద్ద గుడిదిబ్బ పదిహేడు మీటర్ల ఎత్తు. ఆ దగ్గర్లోనే గుండ్రటి మట్టి సభామందిరం ఉంది. దాని పైకప్పు తర్వాత కట్టిందే గానీ నేల మాత్రం సుమారు 1015 నాటిది. నడుం వంచి దూరితే, గోడ వారగా మట్టితోనే మలిచిన 47 ఆసనాలు, పక్షి ఆకారంలో ఉన్న అరుగు మీద ఇంకో 3 కనిపిస్తాయి. ఆ నేలను తమ పూర్వీకులదిగా భావించే మస్కోగీ జనాన్ని 1830లలో ఓక్లహోమా వైపు తరిమేశారు. పందొమ్మిదో శతాబ్దంలోనే ఒక దిబ్బను కోసుకుంటూ రైలు పట్టాలు వేశారు. 1936లో జాతీయ స్మారకమైన ఈ చోటుకు 2019లో జాతీయ చారిత్రక పార్కు హోదా వచ్చింది.

ఏటా సెప్టెంబరులో ఇక్కడ మూలవాసుల ఉత్సవం జరుగుతుంది. ఓక్లహోమా నుంచి మస్కోగీవాళ్లు వచ్చి ఆడతారు, పాడతారు, కథలు చెబుతారు. ఏడాదిలో ఒక్కసారే వెళ్లే వీలుంటే నేనైతే మార్చి కన్నా ఆ సెప్టెంబరుకే ఓటేస్తాను. చెర్రీ పూలు వాషింగ్టన్‌లోనూ దొరుకుతాయి.